ఎద్దుల సంతలో మైకు వైరు

సంతలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. కానీ గట్టుపల్లె ఎద్దుల సంతకు నేను వెళ్ళింది ఆ పిచ్చితో కాదు, మా రేడియో సారు అన్న ఒక మాట మింగుడుపడక. తిరుపతిలో రేడియోకు కార్యక్రమాలు తయారుచేసి ఇవ్వడం నా పని. పర్మనెంటు ఉద్యోగం కాదు, పిలిచినప్పుడు వెళ్ళి చేసి వస్తాను. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. చిత్తూరు జిల్లా పడమటి పల్లెల్లో వేరుశనగ చేలోనే మాడిపోయింది. దాని మీద అరగంట కార్యక్రమం చెయ్యమన్నారు. నేను యూనివర్సిటీలో ఒక ఆర్థికశాస్త్రం మాస్టారితోనూ, వ్యవసాయ శాఖలో ఒక అధికారితోనూ మాట్లాడించి, ఆ టేపులు గర్వంగా తెచ్చి మా సారు ముందు పెట్టాను. ఆయన మొత్తం విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మాయ్, ఇందులో అన్నీ ఉన్నాయి, కరువు ఒక్కటే లేదు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "కరువు చప్పుడు చేస్తుందా సార్, పట్టుకురావడానికి?" అని అడిగేశాను. "చేస్తుంది. పశువుల సంతకు పో. బేరాలు రికార్డు చేసుకురా. ఎవరి ఇంట్లో ఏముందో, ఏం లేదో ఆ బేరంలో తెలిసిపోతుంది" అన్నారు. శనివారం సంత. శుక్రవారం రాత్రే టేప్ రికార్డరులో కొత్త బ్యాటరీలు వేసి పడుకున్నాను.

గట్టుపల్లెకు తిరుపతి నుంచి నేరుగా బస్సు లేదు. ముందు పీలేరు చేరాలి. పీలేరు బస్సులు అరగంటకొకటి దొరుకుతాయి గానీ, సంతకు పోయేవాళ్ళు అయిదున్నర బస్సుకే ఎక్కాలి, ఆలస్యమైతే ఎండ కంటే ముందు సంతే ముదిరిపోతుంది. టికెట్టు ఇరవై ఆరు రూపాయలు. చంద్రగిరి దాటేటప్పటికి తెల్లవారింది. రంగంపేట తర్వాత భాకరాపేట ఘాటు మొదలవుతుంది. డ్రైవరు వెనక సీటు దొరికితే వదలకండి, మలుపుల్లో కొండ మీదికి వచ్చి పోతున్నట్టు ఉంటుంది. ఎర్రచందనం చెట్లన్నీ ఆకు రాల్చేసి నిలబడి ఉన్నాయి. ఘాటు ఎక్కుతుంటే ఎదురుగా ఒకదాని వెనక ఒకటి లారీలు దిగుతున్నాయి, పైన టార్పాలిన్లు కప్పి. సరుకేమిటని డ్రైవరును అడిగాను. "గొడ్లు మేడమ్. సంత ముందు రోజు కొన్నవి. ఈ నాలుగు నెల్లుగా ఇదే కత. దిగేటివే గానీ ఎక్కేటివి లేవు" అన్నాడు. ఎక్కడికి దిగుతాయని అడగబోయాను. ఆయన గేరు మార్చి, "యాడికని అడగద్దు మేడమ్, పొద్దున్నే" అని రోడ్డు మీద చూపు పెట్టాడు.

పీలేరు బస్టాండు బయట టీ తాగి, షేరు ఆటో ఎక్కాను. గట్టుపల్లెకు మనిషికి పది రూపాయలు. కోడికి లెక్క లేదు, మేకకు మాత్రం అయిదు తీసుకున్నాడు. నా పక్కన కూర్చున్న మేక దారి పొడుగునా నా చున్నీ నములుతూనే వచ్చింది, దాని యజమాని మాత్రం "ఏం కాదులే అక్కా, అది మంచిది" అని దానికి మంచి సర్టిఫికెట్టు ఇచ్చాడు. సంత ఊరి బయట చింతతోపులో జరుగుతుంది. లోపలికి పోవడానికి మనుషులకు ఏమీ లేదు, పశువుకు మాత్రం గేటు దగ్గర సుంకం కట్టాలి. ఎడ్లు, ఆవులు, దూడలు, వాటి మధ్య దుమ్ము, ఆ దుమ్ములో తలపాగాలు. ఆడవాళ్ళు చాలా తక్కువ. టేప్ రికార్డరు ఒక భుజానికి తగిలించుకున్నాను. నల్లటి మైకు వైరు పొడుగైంది, రికార్డరు సంచిలో పట్టదు. దాన్ని చుట్టలు చుట్టి రెండో భుజానికి వేసుకున్నాను. ఇలా దిగబడిన నన్ను చూసి జనం కొంచెం దారి ఇచ్చారు. ఇంత మర్యాద తిరుపతి బస్సులో ఎప్పుడూ దొరకలేదు.

మొదటి గంటలోనే నా పని గోవిందా అని తెలిసిపోయింది. బేరాలు రికార్డు చెయ్యాలని వచ్చానా, ఇక్కడ బేరానికి మాటే లేదు. అమ్మేవాడి తరఫున దళారి ఉంటాడు. కొనేవాడు వచ్చి పశువు పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. తర్వాత దళారి తన టవాలు తీసి తన కుడిచేతి మీదా కొనేవాడి కుడిచేతి మీదా కప్పుతాడు. ఆ టవాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఏ వేలు పడితే ఎంత, ఎన్ని వేళ్ళు కలిపి పడితే ఎంత అనేది వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. పైకి మాత్రం ఇద్దరూ ఎటో చూస్తుంటారు, ఒకాయన ఆవులిస్తాడు, ఇంకొకాయన చింతకాయల వైపు చూస్తాడు. ధర ఎంతో ఆ ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు. ఒక టవాలు దగ్గరికి మైకు పట్టుకుపోయి నిలబడ్డాను. ఆ దళారి పేరు మునస్వామి అని తర్వాత తెలిసింది. తెల్లటి మీసాలు, చెవిలో పోగు. నన్ను చూసి నవ్వి, "ఈడేం ఇనపడదు మేడమ్. ఈడ మా నోరు ఏళ్ళలో ఉండాది" అన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, ఈ సంతలో నోరు మూసుకుంటేనే బేరం మంచిదవుతుంది. నాలాంటి వాగుడుకాయకు ఇంతకంటే శిక్ష లేదు.

బేరాలు దొరకకపోయినా మనుషులు దొరికారు. అదేమి వింతో, నేను ఎవర్నీ పిలవకుండానే వచ్చి పలకరించారు. "అక్కా, ఈ జత సూడు, ఇంటి దూడలు" అని ఒకాయన, "అమ్మా, మాయి ఎప్పుడూ పొడిసిందే లేదు" అని ఇంకొకాయన. ఒక పెద్దాయన ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూపించి, నన్ను కూడా చెయ్యి పెట్టి చూడమన్నాడు. రేడియోకు పల్లెల్లో ఇంత పలుకుబడి ఉందా అని నేను పొంగిపోయాను. నేనూ ఊరుకోకుండా ప్రతి జతనూ నిమిరి, "బ్రహ్మాండంగా ఉన్నాయి" అని మెచ్చుకుంటూ, వాళ్ళతో మాట్లాడిస్తూ టేపు నింపాను. అందరి కథా దాదాపు ఒకటే. వేరుశనగ పోయింది, దాంతోపాటు పశువులకు పెట్టే చెనిక్కట్టె, ఆ చెట్ల ఎండుమేత, కూడా పోయింది. కొనాలంటే వరిగడ్డి దిగువ నుంచి రావాలి, అది మనుషుల బియ్యం కంటే ప్రియంగా ఉంది. "కళ్ళ ముందర వాటి కడుపులు ఎండగట్టలేక తోలుకొచ్చినాం" అని అందరూ అన్నారు. ఒకావిడ మాత్రం దగ్గరికి రాలేదు. రెండు తెల్లటి ఎడ్లను పట్టుకొని, నేను ఎటు పోతే అటు, కొంచెం దూరంలో నిలబడుతూ వచ్చింది.

పన్నెండు దాటాక ఆకలి నకనకలాడింది. తోపు చివర ఒక పాక హోటలు ఉంది. ఒక ముద్ద రాగి సంగటి, ఊరిబిండి, కోడి పులుసు, అన్నీ కలిపి పద్దెనిమిది రూపాయలు. వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు రోట్లో నూరి చేసే ఆ ఊరిబిండి కోసమే మళ్ళీ వెళ్ళాలని ఉంది. వడ్డించే ఆవిడ ముద్ద ఆకులో వేసి, "ఎన్ని జతలు తీసుకుంటావు మేడమ్?" అని అడిగింది. ఒక ముద్ద చాలని చెప్పాను. "సంగటి కాదు తల్లీ, ఎద్దులు" అంది. నేనెందుకు ఎద్దుల్ని కొంటానని అడిగాను. ఆవిడ నా భుజం వైపు గరిటె చూపించి, "మరి పలుపేసుకొని తిరగతా ఉండావే?" అంది. పలుపంటే పశువును కట్టే తాడు. అప్పుడు సంగతంతా విడమరిచి చెప్పింది. ఎద్దును అమ్మినవాళ్ళు తమ పలుపు ఇవ్వరు, ఇస్తే ఇంట్లో లక్ష్మి పోతుందని నమ్మకం. అందుకని సేద్యానికి కొనే రైతు ఇంటి దగ్గర నుంచే కొత్త పలుపు భుజాన వేసుకొని వస్తాడు. లారీలవాళ్ళకు పలుపుతో పనిలేదు, వాళ్ళు మోకుతో పది తలలు ఒకేసారి కట్టేస్తారు. "పలుపుండే మనిసంటే ఎద్దు కొట్టంలోకి పోతాదని అర్థం. ఈ నడుమ పలుపులేసుకొని వచ్చేవాళ్ళు ఏళ్ళ మీద లెక్కకొచ్చినారు. అందుకే నీ ఎనకాల పడినారు. ఇప్పుడు నైలాను పలుపులు నల్లగా కూడా వస్తా ఉండాయి గదా" అంది.  పొద్దుటి నుంచి నేను మెచ్చుకున్న ప్రతి జత వెనకా ఒక మనిషి ఏమనుకున్నాడో అప్పుడు అర్థమైంది.

చెయ్యి కడుక్కొని బయటికి వస్తే, పొద్దుటి నుంచి నా వెనకే తిరిగిన ఆవిడ అక్కడ నిలబడి ఉంది, తన రెండు తెల్లటి ఎడ్లతో. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. పేరు రెడ్డెమ్మ, ఊరు అక్కడికి కొంచెం దూరంలో ఉన్న మిట్టపల్లె. వైరు చేతిలోకి తీసి చూపించి, నేను కొనడానికి రాలేదని, ఇది రేడియో మైకు వైరని చెప్పాను. ఆవిడ ఒక క్షణం వైరు వైపు, ఒక క్షణం నా మొహం వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. పకపకా నవ్వి, "అయ్యో నా తల్లీ! ఈయమ్మ పట్నంలో ఎద్దుల్ని యాడ కట్టేస్తాదో, యాడ మేపతాదో అని పొద్దుటి నుంచి నా పానం కొట్టుకుంటా ఉండాదే!" అంది. నవ్వు అయిపోయాక అక్కడే చింత మొదట్లో కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. మాట్లాడతావా అని మైకు చూపించాను. "మీ రేడియో బెంగులూర్లో పలకతాదా?" అని అడిగింది. అంత దూరం అందదని చెప్పాను. "అయితే సరే, అంతా సెప్తాను" అని సర్దుకొని కూర్చుంది.

ఆవిడ భర్త రమణ నాలుగు నెలల కిందట బెంగుళూరు పోయాడు, భవనాల దగ్గర కాంక్రీటు పనికి. పక్కింటి ఫోనుకు వారానికోసారి చేస్తాడు. పోయిన వారం చేసి, ఎద్దుల్ని అమ్మేసి నువ్వు కూడా వచ్చెయ్, ఇక్కడ ఆడవాళ్ళకు ఇసుక మోసే పని దొరుకుతుందని చెప్పాడట. "ఆయప్ప సెప్పేది తప్పు కాదు. ఆడ ఒక్కడే అన్నం వండుకోలేక అల్లాడతా ఉండాడు. ఈడ నేను గడ్డి కోసం అల్లాడతా ఉండాను. కానీ ఒక మాట మేడమ్. ఎద్దులుండబట్టి మమ్మల్ని ఊర్లో సేద్యగాళ్ళు అంటారు. ఇవి పోయి, మేమూ పోతే, రేపు వానొచ్చినా మా నేల మమ్మల్ని గుర్తుపడతాదా?" అంది. ఈ మాట మా ఆర్థికశాస్త్రం మాస్టారు గంటసేపు చెప్పిన దానిలో ఎక్కడా లేదు, ఆయనను తప్పు పట్టడం కాదు, ఆయనకు ఎడ్లు లేవు. రెడ్డెమ్మకు కావలసింది చాలా చిన్నది. అమ్మక తప్పదు, కానీ లారీ ఎక్కి కబేళాకు పోకూడదు, ఎవరి కొట్టానికైనా పోవాలి. పొద్దుటి నుంచి లారీ మనిషి రెండుసార్లు వచ్చి అడిగితే, నా భుజాన తాడు చూసి ఆగిందట.

నేను ఆ మాట విని కూర్చోలేకపోయాను. మునస్వామిని వెతికి పట్టుకొచ్చాను, సేద్యగాళ్ళు ఎవరైనా ఉంటే చూడమని బతిమాలాను. ఆయన తోపంతా తిరిగి, ఒక ముసలి రైతును వెంటబెట్టుకొని వచ్చాడు. కలకడ వైపు మనిషి, భుజాన నీలం పలుపు. రెడ్డెమ్మ లేచి నిలబడింది. ముసలాయన ఎడ్ల చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, చివరికి ఒక ఎద్దు మూపురం మీద చెయ్యి వేసి, "దాపటిది ఒకటి ఇస్తావామ్మా?" అన్నాడు. కాడికి ఎడమ పక్క కట్టేది దాపటి ఎద్దు, కుడి పక్క కట్టేది వలపటి ఎద్దు. ఒక పక్క అలవాటైనది రెండో పక్క నడవదు. "నా వలపటిది ఇంట్లో ఉండాది. దాపటిది పోయిన నెల పాము కరిసి సచ్చిపాయ. నాకు జతతో పని లేదు" అన్నాడు ముసలాయన. ఇంతలో లారీ మనిషి కూడా వచ్చాడు. అతనేమీ రాక్షసుడిలా లేడు, చెమట తుడుచుకుంటున్న మామూలు మనిషి. "నేను రెండూ తీసుకుంటాను తల్లీ. ఒకటి పోతే రెండోదాన్ని ఎవరడగతారు? నాలుగ్గంటలకు నా బండి కదుల్తాది" అని చెప్పి పక్కకు జరిగాడు. మునస్వామి టవాలు కింద అతని వేళ్ళు పట్టుకొని, రెడ్డెమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ధర బాగానే వచ్చినట్టుంది, ఆవిడ కనుబొమలు లేచాయి.

నిజం చెప్పాలంటే, నేనైతే లారీకే ఇచ్చేదాన్నేమో. ఆ లెక్క పసిపిల్లలకైనా తెలుస్తుంది. జతగా ఇస్తే డబ్బు, విడదీస్తే ఒకటి అమ్ముడుపోతుంది, రెండోది ఇంటికి తిరిగి వచ్చి, దున్నడానికి పనికిరాకుండా గడ్డి మాత్రం తింటుంది. మునస్వామి కూడా అదే చెప్పాడు. రెడ్డెమ్మ చాలాసేపు ఎడ్ల గంగడోళ్ళు నిమురుతూ ఉండిపోయింది. తర్వాత మునస్వామి వైపు తిరిగి, "అన్నా, పెద్దాయనతో దాపటిది ఒకటే బేరం సెయ్యి" అంది. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. "నా వల్ల కాదు తల్లీ. జత ఇరిసే బేరానికి నేను టవాలు పరిస్తే నా యాపారం ఉంటాదా? మా నాయన కూడా సెయ్యలేదు ఆ పని" అన్నాడు. దళారులు జత విడదీసే బేరం ముట్టరట, అపశకునమని. ఆవిడ ఇంకేం చేస్తుందా అని చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నీ చున్నీ ఇట్లియ్యి" అంది. మేక నమిలిన ఆ చున్నీ ఇచ్చాను. దాన్ని దులిపి తన కుడిచేతి మీద వేసుకొని, ముసలాయన ముందు చెయ్యి చాపింది.

చుట్టూ జనం మూగారు. ఆడమనిషి బేరానికి చెయ్యి పెట్టడం అక్కడ ఎవరూ చూసినట్టు లేదు. ముసలాయన తటపటాయించాడు, మునస్వామి వైపు చూశాడు. మునస్వామి గడ్డం గోక్కొని, ఉన్నట్టుండి జనం మీద అరిచాడు: "జరగండప్పా, బేరం జరగతా ఉంటే మీద పడతారేమి!" అంతే, ముసలాయన తన చెయ్యి చున్నీ కిందికి పోనిచ్చాడు. నేను మైకు పట్టుకొని ఉన్నాను, టేపు తిరుగుతోంది. ఒక్క మాట లేదు. ఎద్దు మెడలో గంట ఒకసారి మోగింది. ఎక్కడో ఒక దూడ అరిచింది. చున్నీ కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. రెడ్డెమ్మ ఒకసారి తల అడ్డంగా ఊపింది. ముసలాయన కళ్ళు మూసుకొని ఆలోచించి, ఇంకోసారి ఏదో పట్టుకున్నట్టున్నాడు. ఆవిడ చెయ్యి బయటికి తీసి, చున్నీ మడిచి నాకు ఇచ్చేసింది. బేరం అయిపోయింది. ఎంతకో అడగబోయి, మునస్వామి చూపు చూసి నోరు మూసుకున్నాను. ముసలాయన నీలం పలుపు దాపటి ఎద్దుకు కట్టాడు. రెడ్డెమ్మ తన పాత పలుపు విప్పి చుట్ట చుట్టి సంకలో పెట్టుకుంది. ఎద్దు తోపు దాటే వరకు ఆవిడ అటు చూడలేదు, మిగిలిన ఎద్దు మొహానికి అడ్డంగా నిలబడింది, అది కూడా చూడకుండా.

సంత నుంచి పీలేరు పోయే రెండున్నర బస్సు పోయింది, నేను పోలేదు. మిట్టపల్లె క్రాసు దగ్గర సాయంత్రం బస్సు ఆగుతుందని తెలిసి, అక్కడి దాకా మైకు ఆపకుండా రెడ్డెమ్మతో నడిచాను. నిజంగానే ఒంటరి ఎద్దుతో ఏం చేస్తుందో నాకు తెలియక అడిగాను. ఆవిడ నా వైపు చూసి, "ఒంటెద్దుంటే ఊర్లో పొత్తుకు పిలుస్తారు మేడమ్. అసలు ఎద్దే లేకపోతే కూలికి పిలుస్తారు" అంది. వాళ్ళ ఊళ్ళో ఇంకో ఇద్దరి దగ్గర ఒంటి ఎడ్లే మిగిలాయట, అందులో ఒకటి దాపటిదట. వాన పడితే ఇద్దరి ఎడ్లనూ ఒక కాడికి కట్టి, ఒకరోజు వాళ్ళ చేను, ఒకరోజు వీళ్ళ చేను దున్నుకుంటారు. ఎద్దు ఇంట్లో ఉంది కాబట్టి దానికి నీళ్ళు పెట్టే మనిషి కూడా ఇంట్లో ఉండాలి, కాబట్టి బెంగుళూరు ఇప్పుడు కాదు. మరి రమణకు ఏం చెబుతావని అడిగితే, "ఏముండాది, ఒకటే అమ్ముడుపోయింది, రెండోదాన్ని ఎవురూ అడగలేదని సెప్తాను" అని నవ్వేసింది. మనం ఒంటెద్దు పోకడ అని తిట్టుగా వాడతాం గానీ, ఆ ఎద్దు నడక చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు. రోడ్డు మధ్యలో జాగా ఉన్నా అది కుడి అంచునే నడుస్తోంది, ఎడమ పక్కన ఇంకో ఎద్దు పట్టేంత చోటు వదిలి. మలుపు వచ్చినప్పుడు ఆగి, అటు తల తిప్పి చూసి, మళ్ళీ నడుస్తోంది. ఆవిడ మొదట దాన్ని మధ్యకు లాగింది, తర్వాత ఊరుకొని, తనే వెళ్ళి ఆ ఎడమ పక్కన నడిచింది.

కార్యక్రమం ప్రసారమైంది. రేడియోలో నిశ్శబ్దం కంటే పెద్ద తప్పు లేదు, కాసేపు చప్పుడు లేకపోతే డ్యూటీలో ఉన్నవాళ్ళు ట్రాన్స్‌మిటరు పోయిందని వీణ రికార్డు పెట్టేస్తారు. అందుకని మా సారుతో పోట్లాడి, బేరం ముందు నా గొంతుతో ఒక మాట చేర్చాను: "ఇప్పుడు కాసేపు మీకేమీ వినపడదు. మీ రేడియో చెడిపోలేదు. సంతలో ఒక బేరం జరుగుతోంది." రమణకు చెప్పబోయే అబద్ధం మాత్రం టేపులోంచి కత్తిరించాను, ఆడవాళ్ళకు ఆడవాళ్ళం ఆ మాత్రం చేసుకోకపోతే ఎలా. ఏం లాభం, నాలుగు రోజుల తర్వాత డ్యూటీ గదిలోంచి కేక వచ్చింది, బెంగుళూరు నుంచి ఫోనని. "నేను రెడ్డెమ్మ ఇంటాయన్ని. మీ రేడియోలో మా ఎద్దుల బేరం వచ్చిందంట, మా ఊరోళ్ళు సెప్పినారు" అంది అవతలి గొంతు. తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. అతను అడిగింది ఒకటే: "ఏది మిగిలింది మేడమ్?" వలపటిదని చెప్పాను. రూపాయి ఫోనులో ఇంకో రూపాయి పడిన చప్పుడు వినిపించింది. "దానికి మెడ మీద కాడి పుండు ఉండాది. ఎండల్లో ఈగలు ముసరతాయి. యాపనూనె పూయమని మీ రేడియోలో సెప్పండి. ఆయమ్మ ఇంటాది" అన్నాడు. ఫోను తెగిపోయింది. అమ్మేసి రమ్మన్న మనిషి ఇతనేనా అని నాకు ఏడుపొచ్చింది. మరుసటి సాయంత్రం రైతుల కార్యక్రమంలో, ఎడ్ల మెడ మీద కాడి పుండ్లకు వేపనూనె పూసి, ఈగలు వాలకుండా చూసుకోవాలని చదివాను. ఎవరి పేరూ చెప్పలేదు.

కరువు ఎలా వినపడుతుందని మా సారును అడిగాను కదా, ఫోనులో రమణ గొంతులో వినిపించిందేమోనని ఇప్పుడనుకుంటున్నాను. అందులో కరువుతోపాటు ఇంకోటి కూడా ఉంది, దానికి పేరు పెట్టడం నాకు రావడం లేదు. మీలో ఎవరైనా గట్టుపల్లె సంతకు వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా. ఫొటోలకు వచ్చినవాళ్ళు, లెక్కలకు వచ్చిన అధికారులు అందరూ రెండున్నర బస్సుకు తిరిగి వెళ్ళిపోతారు. మీరు ఆ బస్సు వదిలెయ్యండి. మిట్టపల్లె క్రాసు దాకా నడిచి, ఆరున్నరకు వచ్చే ఆఖరి బస్సు ఎక్కండి. పొద్దున తోలుకొచ్చిన పశువుల్లో ఇంటికి తిరిగి పోయేవి మీకు ఆ రోడ్డు మీదే కనపడతాయి.